పొందూరు పోగు, పెళ్ళి ముడి

వాలుగ చేప నోరు తెరిచి చూస్తే దవడ పొడవునా సన్నటి పళ్ళు గుంపులు గుంపులుగా, లోపలికి వంగి ఉంటాయి. నోట చిక్కిన చిన్న చేప వెనక్కి జారిపోకుండా ఆ ఏర్పాటు. పులుసుకి వాలుగ ముక్కలు తెచ్చుకునే ఇళ్ళలో ఈ దవడ పెంటకుప్పకు పోతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో మాత్రం దాన్ని ఎండబెట్టి, పనిముట్టుగా దాచుకుంటారు. దేశమంతా పేరున్న అక్కడి సన్న ఖద్దరుకు మొదటి పని ఆ పళ్ళతోనే. గింజ ఇంకా తీయని పత్తిని వాటితో దువ్వుతారు.

ఆ దువ్వే పని చూస్తుంటే నాకు పెళ్ళి ఉంగరాల ఊసు మనసులోకి వచ్చింది. చేపకూ ఉంగరానికీ మన సాహిత్యంలో పాత చుట్టరికమే ఉంది. దుష్యంతుడి ఉంగరాన్ని మింగిన చేప జాలరి వలలో పడబట్టే కదా శకుంతల కథ ఒక దారికి వచ్చింది. కానీ నా ఆలోచనకు కారణం వేరే. ఈ మధ్య నిశ్చితార్థాలకు వెళ్తే తాంబూలాలు పళ్ళెంలో ఓ పక్కన ఉండిపోతున్నాయి. కెమెరా దీపాలన్నీ ఉంగరాల డబ్బా మీదే. ఉంగరం తొడిగే క్షణానికి సంగీతం, పూలవాన, పొగ. పెళ్ళిని కట్టి ఉంచే వస్తువేదని అడిగితే ప్రపంచంలో చాలామంది ఉంగరమే అంటారు, ఒప్పుకుంటాను. మన దగ్గర ఆ పని మొదటి నుంచీ చేస్తున్నది నూలు. ఆ నూలును ఇంత నేర్పుగా వడికే ఊరు ఉత్తరాంధ్రలోనే ఉండగా, ఉంగరం గొప్పే వింటూ కూర్చోవడం అన్యాయం అనిపించింది.

ముందు ఉంగరం సంగతి చూద్దాం. రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో రాసిన మాట ఒకటి ఉంది. పెళ్ళి నిశ్చయమైన అమ్మాయికి పంపే ఉంగరం తన కాలంలో కూడా ఇనుముదేననీ, దానికి రాయి కూడా ఉండదనీ. ఇవాళ వజ్రాల ఉంగరం మీద జరిగే హంగామాకు మూలపురుషుడు ఈ ఇనుప చుట్టే. అది ప్రేమకు గుర్తుగా కంటే ఇచ్చిన మాటకు బయానాగా చెల్లింది. తర్వాతి శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ అనే ఆయన, చిటికెన వేలి పక్క వేలికే ఉంగరం ఎందుకు పెడతారో వివరించాడు. ఆ వేలి నుంచి గుండెకు సన్నటి నరం ఒకటి తిన్నగా పోతుందనీ, ఈజిప్టు వాళ్ళు శవాలను కోసి చూసి కనిపెట్టారనీ. అలాంటి ప్రత్యేకమైన నరమేదీ లేదని వైద్యులు ఎప్పుడో తేల్చారు. అయినా వేలు మారలేదు. మన కర్మకాండలో దర్భతో చుట్టిన పవిత్రాన్ని తొడిగేదీ ఆ వేలికే, కాకపోతే కుడి చేతికి. ఏ నరం సాయమూ లేకుండా రెండు దేశాల ఆచారాలు ఒకే వేలి దగ్గర కలవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

యూదుల సంప్రదాయంలో వరుడు ఇచ్చే ఉంగరానికి రాళ్ళు ఉండకూడదు. వెల ఎంతో పెళ్ళికూతురికి చూడగానే తెలియాలి, రాయి పొదిగితే మోసానికి తావుంటుందని. దాన్ని కుడిచేతి చూపుడు వేలికి తొడుగుతారు. రష్యా, గ్రీసు దేశాల ఆర్థడాక్స్ క్రైస్తవులు కుడిచేతికే పెట్టుకుంటారు. మగవాళ్ళు పెళ్ళి ఉంగరం పెట్టుకోవడం అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాగా పాకింది. ఇల్లు విడిచి యుద్ధానికి పోయే సిపాయికి అదొక ఆనవాలు. ఇక వజ్రం శాశ్వతమని డి బీర్స్ కంపెనీ ప్రకటన రాయించుకున్నది 1947లో. అనాదిగా వస్తున్నదని మనం అనుకునే ముచ్చటకు ఎనభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఇదే ప్లినీ ఇంకోచోట లబలబలాడాడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల సొమ్ము రోమ్ నుంచి ఇండియాకు పోతోందని ఆయన బాధ. ఆ సొమ్ము తెచ్చిన సరుకుల్లో మన సన్న బట్టలున్నాయి. దాదాపు అదే కాలంలో గ్రీకు భాషలో రాసిన నావికుల కరదీపిక ఒకటి, పేరు పెరిప్లస్, మసాలియా అని మన తూర్పు తీరాన్ని చెబుతూ అక్కడ సన్నటి నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయంటుంది. రోమన్ల బంగారు నాణేలు నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికాయి. రోమ్‌లో పెళ్ళికూతురి వేలికి ఇనుప చుట్టు, రోమ్ బంగారం మన గడ్డ మీదికి. ఆ బేరంలో మన వైపు నుంచి వెళ్ళిన సరుకు పత్తి పోగు.

మన పెళ్ళిలో ఉంగరానికి చోటు లేదనడం లేదు. ప్రధానపు ఉంగరం పాత మాటే. తలంబ్రాలయ్యాక బిందెలో నీళ్ళు పోసి ఉంగరం వేసి వెతికించడం ఇవాళ్టికీ ఉంది. శ్రీకాకుళం జిల్లాలోనే బుడితి ఊళ్ళో ఇత్తడి, కంచు పని చేసే కుటుంబాలున్నాయి, బిందెకు దూరం పోనక్కర్లేదు. వరుడు పెళ్ళికూతురి పాదాన్ని సన్నికల్లు మీద పెట్టించి రెండో వేలికి తొడిగే మెట్టె, అదీ ఉంగరమే. వెండిది. చివరలు అతకకుండా వదిలేస్తారు కనుక వేలు లావెక్కినా, కాలు వాచినా కాస్త సాగదీసుకోవచ్చు. ఈ వదులు ఉంచడంలో ఉన్న తెలివి పెద్ద పెద్ద వజ్రాల ఉంగరాల్లో లేదు. తెలుగు క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ఉంగరాలు మార్చుకుంటారు, చాలా కుటుంబాల్లో సూత్రమూ కడతారు.

కానీ పెళ్ళి తంతును మొదటి నుంచి చివరిదాకా గమనించండి. మణికట్టుకు కంకణం, పసుపు రాసిన నూలు. నుదుట భాసికం, దాన్ని కట్టేది దారమే. ఇద్దరి కొంగులకు బ్రహ్మముడి. ఎర్రంచు తెల్లటి మధుపర్కాలు, అవి నూలువైతేనే శ్రేష్ఠమని పెద్దల మాట. అన్నిటికీ మీద మంగళసూత్రం. పుట్టింటి బొట్టొకటి, అత్తింటి బొట్టొకటి, రెండూ బంగారమే. కానీ వాటిని మెడకు చేర్చేది పేనిన నూలు తాడు. మూడు ముళ్ళు పడేది దానికి. గొలుసులోకి మార్చుకోవడం, నల్లపూసలు గుచ్చుకోవడం ఆ తర్వాతి మాట. కరువొచ్చో, జబ్బు చేసో పుస్తెలు తాకట్టుకు పోయిన ఇళ్ళు మనకు కొత్త కాదు. అప్పుడు ఆ ఇల్లాలు పసుపు కొమ్మును తాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది. బంగారం పోయినా పెళ్ళి ఎక్కడికీ పోలేదు. అంటే లెక్కలోకి వచ్చేది తాడే. మరి ఆ నూలు ఎవరు చేశారు, ఎలా చేశారు అని పెళ్ళిలో ఎవరూ అడగరు. బంగారం ఎన్ని కాసులో మాత్రం పందిట్లో చివరి వరుసలో ఉన్నవారికీ తెలుస్తుంది.

పొందూరులో నూలు వడికేవారిలో ఎక్కువ మంది పట్టుశాలి కులపు ఆడవాళ్ళు. వాళ్ళ చేతికి వచ్చే పత్తి కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి. ఇవన్నీ ఈ చుట్టుపక్కల పండే నాటు రకాలు, పింజ పొట్టిది. అసలు విశేషం ఇక్కడే మొదలవుతుంది. పింజ ఎంత పొడుగైతే సన్న నూలు అంత సులువు. అందుకే మిల్లులు సన్న నూలుకు పొడుగు పింజ పత్తి కోసం వెతుకుతాయి. పొట్టి పింజతో సన్నగా తీయాలంటే ప్రతి పీచూ పక్క పీచుతో వరసగా ఒదగాలి. ఒక్కటి అడ్డంగా పడినా పోగు అక్కడ తెగుతుంది.

అందుకే చేప దవడ. దూదిని గింజ మీద ఉండగానే దువ్వుతారన్నాను కదా, దానిలో పెద్ద ఆలోచన ఉంది. పీచు మొదలు గింజకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. గింజను వేళ్ళతో పట్టుకుని దవడ పళ్ళ మీదుగా లాగితే ఎండుటాకు నలుసులు, చెత్త, ముడిపడ్డ పోగులు పళ్ళల్లో చిక్కి ఆగిపోతాయి. గింజను పట్టుకున్న పీచులు మాత్రం ఒక దిక్కుకు తిరిగి వరుసలో నిలుస్తాయి. గింజ తీసేశాక దువ్వితే పట్టుకోవడానికి ఆధారం ఉండదు, దూది ఉండ కడుతుంది. మిల్లుల్లో ముందు గింజ తీసి, తర్వాత పెద్ద పెద్ద యంత్రాలతో దువ్వుతారు. పొందూరులో పని వరసే తలకిందులు. ఒక్కో గింజకూ విడిగా జరగాల్సిన పని ఇది, గుప్పెట్లో పట్టుకుని గబగబా లాగించేది కాదు. ఇనుప దువ్వెన వాడొచ్చు కదా అనిపిస్తుంది. వాలుగ పళ్ళు చాలా సన్నం, ఒత్తు, కొద్దిగా వంపు, అన్నీ ఒకే ఎత్తులో ఉండవు. పీచును గీరకుండా నలుసును మాత్రం పట్టే ఆ లక్షణాలన్నీ ఒక్కచోట కుదిర్చి ఇనుముతో చేయడం తేలికేమీ కాదు.

తర్వాత గింజ తీయడం. పలక మీద దువ్విన పత్తి పెట్టి, ఇనుప కడ్డీని అరచేత్తో దొర్లిస్తారు. కడ్డీ కింద దూది నలిగి వెనక ఉండిపోతుంది, గింజ ముందుకు తప్పుకుంటుంది. గింజ చిట్లితే నూనె అంటి దూది పాడు. అందుకని చేతి బరువు ఎంత వేయాలో చేతికే తెలియాలి. ఆ పైన చిన్న విల్లు నారితో ఏకుతారు. నారి దూదిని తాకీ తాకనట్టు అదురుతుంటే దూది పొంగుతుంది. పొంగిన దూదిని ఏకుగా చుట్టి, ఎండిన అరటి డొప్పలో పెడతారు. వడికేటప్పుడు చేతి చెమట, దుమ్ము తగలకుండా ఆ డొప్పే ఏకుకు తొడుగు. అరటి డొప్ప లోపలి వైపు ఎంత నున్నగా ఉంటుందో వేలు పెట్టి చూసినవారికి తెలుసు. దూది ఒక్క పీచు కూడా దానికి అంటుకోదు.

ఇక రాట్నం. ఒకే కదురు, 24 ఆకుల పెద్ద చక్రం. దగ్గర కూర్చుని చూడాల్సింది చక్రాన్ని కాదు, ఎడమ చేతిని. కుడి చేయి చక్రం తిప్పుతుంటే ఎడమ చేయి ఏకును పట్టుకుని మెల్లగా వెనక్కి, కాస్త పైకి పోతుంది. కదురు మొన నుంచి వేళ్ళ దాకా పోగు సాగుతూ ఉంటుంది. మొదట్లో అది ఒకచోట లావు, ఒకచోట సన్నం. పురి ముందుగా సన్నటి చోట్లకు పరుగెత్తి వాటిని బిగిస్తుంది. లావు చోట్లు ఇంకా మెత్తగా ఉంటాయి కనుక లాగినప్పుడు అవే సాగి సన్నబడతాయి. అంటే పోగు తన ఎగుడుదిగుళ్ళను తానే సవరించుకుంటుంది, లాగే చేయి తొందరపడకుండా ఉంటే. తొందరపడితే తెగుతుంది, ఆలస్యమైతే పురి ఎక్కి బిరుసవుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. అందులో ఆ చేయి గంటల తరబడి నిలుస్తుంది, నోరు పక్కింటి కబుర్లు చెబుతూనే ఉంటుంది.

చేయి చాచినంత పోగు వచ్చాక చక్రం ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది, పురి గట్టిపడడానికి. అప్పుడు ఎడమ చేయి పక్కకు వస్తుంది. ఇందాకటి దాకా కదురు మొన మీదుగా జారుతూ పురి ఎక్కించుకున్న పోగు, ఇప్పుడు కదురుకు అడ్డంగా వచ్చి దాని మీద చుట్టుకుంటుంది. ఇక్కడ మార్పంతా చేయి కొద్దిగా జరపడమే.

పొందూరులో తీసే సన్న నూలు 100 నుంచి 120 కౌంటు దాకా ఉంటుందంటారు. ఇంగ్లీషు కౌంటు లెక్కలో 100 అంటే 840 గజాల చిలపలు వంద కలిస్తే ఒక పౌను బరువు. మన కొలతలోకి మారిస్తే ఒక గ్రాము దూది సుమారు 169 మీటర్ల పోగు అవుతుంది. కంసాలి గ్రాము బంగారాన్ని తీగ లాగడం చూసి నోరు తెరుస్తాం. గ్రాము దూదికి 169 మీటర్లు తీసిన చేతిని చూసి తెరిచినవారు తక్కువ. ఒక పంచె లెక్క వేసి చూడండి. అంగుళానికి 60 పోగులు, 50 అంగుళాల వెడల్పు అనుకుంటే పడుగు 3,000 పోగులు. నాలుగు మీటర్ల పొడవుకు పడుగొక్కటే 12 కిలోమీటర్లు, పేకకు దాదాపు అంతే. మొత్తం 24 కిలోమీటర్ల నూలు తూగేది 142 గ్రాములు. అంత నూలూ ఒక ఆడమనిషి ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి బారెడు బారెడుగా వచ్చిందే.

ఆ తర్వాత మగ్గం పని. పడుగుకు గంజి పట్టించి, ఆరబెట్టి, గుంట మగ్గం మీదికి ఎక్కిస్తారు. నేల గుంటలోని చెమ్మ పోగులను తెగనివ్వదు. ఆ నేతకు మరో వ్యాసం కావాలి కనుక ఇక్కడితో ఆపుతున్నాను. ఒక్క మాట మాత్రం. చేత్తో వడికిన నూలు అచ్చంగా సమంగా ఉండదు. బట్టను వెలుతురుకు పట్టి చూస్తే అక్కడక్కడ పోగు కొద్దిగా లావెక్కి మళ్ళీ సన్నబడుతుంది. కొందరు దాన్ని లోపం అనుకుంటారు. వేసవిలో ఒంటికి గాలి ఆడేదీ, ఉతికిన కొద్దీ మెత్తబడేదీ ఆ నూలుతోనే. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచెలు ఇష్టపడి కట్టేవారని అందరికీ తెలుసు. ఆ పంచె అంత తెల్లగా, అంత తేలిగ్గా జారడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అభిమానుల్లో ఎందరు ఆలోచించారో.

సన్న బట్ట గొప్ప చెప్పడానికి మన దేశంలో ఒక పాత పరీక్ష ఉంది: చీరను ఉంగరంలోంచి దూర్చడం. ఢాకా మస్లిన్ గురించి చెప్పుకునే కథ. సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు, ఆ నేర్పుకు దండం పెడతాను. అయినా ఉంగరం పరీక్ష మీద నాకు గురి లేదు. ఇవాళ్టి పలచటి పాలిస్టరు చీర కూడా ఉంగరంలోంచి సులువుగా దూరిపోతుంది. బట్ట విలువ దాని సన్నదనంలో కొంతే. చేయి చేసిన పనిలో మిగతాది. పొందూరు ఖద్దరును మెచ్చడానికి ఉంగరం అవసరం లేదు.

పెళ్ళికీ వడికిన నూలుకూ మన దేశ చరిత్రలో రెండు పేరున్న సందర్భాలు ఉన్నాయి. 1942 మార్చిలో ఇందిరా నెహ్రూ పెళ్ళిపీటల మీద కట్టుకున్న గులాబి రంగు ఖద్దరు చీర, జైల్లో తండ్రి జవహర్‌లాల్ వడికిన నూలుతో నేసింది. 1947 నవంబరు 20న బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. ఆమె ఉంగరం వేల్స్‌లోని క్లోగౌ గనిలో దొరికిన బంగారంతో చేసింది. ఆ పెళ్ళికి గాంధీజీ పంపిన కానుక తాను వడికిన నూలుతో అల్లించిన చిన్న వస్త్రం, మధ్యలో జై హింద్ అన్న అక్షరాలు. యువరాణి నాయనమ్మ మేరీ రాణి దాన్ని గాంధీ గారి గోచీ అనుకుని చిరాకు పడ్డారట. ఒక తండ్రి, ఒక మహాత్ముడు పెళ్ళికి ఇవ్వదగ్గ వస్తువు ఏదా అని ఆలోచిస్తే వాళ్ళకు తోచినది తమ చేతి నూలు. డి బీర్స్ వజ్రపు ప్రకటన పుట్టిన సంవత్సరం కూడా ఆ 1947యే కావడం కాకతాళీయం.

పొందూరు ఖద్దరు సంగతి విని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను ఇక్కడికి పంపి పని చూసి రమ్మన్నారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది. భూదాన యాత్రలో ఈ జిల్లాకు వచ్చిన వినోబా భావే 1955లో సంఘం భవనానికి శంకుస్థాపన చేశారు. వడికేవారికి పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, నేసేవారికి ఆ నూలు ఇచ్చి బట్ట తీసుకోవడం, అమ్మడం సంఘం పని. హౌరా, చెన్నై రైలు మార్గంలో విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ల మధ్య పొందూరు స్టేషన్ ఉంది. దిగి అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు.

కూలి మాట ఎత్తకుండా మెచ్చుకోవడం సగం అబద్ధం. రాట్నం ముందు ఇప్పుడు కూర్చుంటున్నవారిలో వయసు మళ్ళినవారే ఎక్కువ. రోజంతా తీసిన నూలుకు వచ్చే డబ్బు, అదే రోజు వేరే కూలికి పోతే వచ్చేదానికి తూగదు. కూతుళ్ళు, కోడళ్ళు చదువుకుని విశాఖ వైపు, బస్తీ కొలువుల వైపు పోతున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. మనం పంచె కొనేటప్పుడు రెండు వందలు తగ్గించమని బేరమాడి, అదే నెలలో ఉంగరానికి తరుగు, మజూరీ అడిగినంతా ఇచ్చి వస్తున్నాం. దుకాణాల్లో పొందూరు పేరు అచ్చేసి మిల్లు బట్ట, పాలిస్టరు కలిసిన బట్ట అమ్మడమూ ఉంది. దాని వల్ల నష్టపోయేది వాలుగ దవడతో గింజ గింజా దువ్వినామె.

కాబట్టి ఇంట్లో పెళ్ళి ఉన్నవారికి ఒక మనవి. మధుపర్కాలకూ, పెళ్ళికొడుకు పంచెలకూ, పెద్దల బట్టల పెట్టుబడికీ పొందూరు ఖద్దరు అడగండి. సంఘం దుకాణంలో కొంటే మేలు. వేరేచోట కొనేటప్పుడు 2013 నుంచి అమల్లో ఉన్న ఖాదీ మార్కు గుర్తు ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి నల్లటి గుండులా గట్టిపడుతుంది. బట్ట వెలుతురుకు పట్టి చూడండి, లావు సన్నాల పోగులు కనబడితే వెనకాడకండి. ధర ఎక్కువ అనిపిస్తే 24 కిలోమీటర్ల లెక్క ఇంకోసారి వేసుకుని, అడిగిన ధర ఇచ్చి తెచ్చుకోండి.